జైతూన్ బీ నల్లబాతు

మా ఊరు ఇంద్రేశంల బాతులు మస్తుమంది సాదిండ్రు. తెల్లయి, బూడిదయి, మచ్చలయి, ఏ రంగంటే ఆ రంగు. నల్లబాతులు మాత్రం ఒక్క జైతూన్ బీ ఇంట్లనే. బీదరుల పుట్టింటికి పోయి, జతను గంపల ఏసుకొని బస్సుల తెచ్చింది. నీడకుంటే బొగ్గు లెక్క, ఎండకొస్తే నెమలి మెడ లెక్క ఆకుపచ్చగ మెరుస్తుండె. పెట్ట పేరు బేగం. వాళ్లిల్లు మా గోడ అవతలనే, కాబట్టి ఈ ముచ్చట నాకు ఒకరు చెప్పే పని లేదు.

బేగం మొదటిసారి పెట్టిన గుడ్లు మసి పూసినట్టుండె. మురిగినయని పారేయబోతే జైతూన్ బీ నా చెయ్యి పట్టుకున్నది. బాతు గుడ్ల మీద నిలకడగ కూసోదని, పొదుగుకొచ్చిన మా కోడి కింద పెట్టినం. కోడి నాది, గుడ్లు ఆమెవి, పిల్లలు చెరి సగం. ఊర్లె పాలుకిచ్చుడంటే అదే. పిల్లలు బోరునీళ్ల గుంతల దుంకితే మా కోడి గట్టు మీద ఒర్లుకుంట తిరుగుతుండె.

జైతూన్ బీకి ఒక కట్టుబాటు. పిల్లకు ఒక్క తెల్ల ఈక కనబడ్డా కత్తికే. "నస్ల్ ఖరాబ్ కావొద్దు అక్కా" అనేది. నస్ల్ అంటే జాతి. ఒకసారి నా పాలుకొచ్చిన పిల్లను గూడ ఎత్తుకపోయి కోసి, కూర గిన్నె పంపింది. నేను గిన్నె వాపస్ పంపిన, కూర తిన్నంక.

కొన్నేండ్లకు, ఈకలు రాల్చి కొత్తయి తొడుక్కునే కాలంల, బేగం మెడ కింద తెల్ల ఈక మొలిచింది. జైతూన్ బీ పీకేసింది. పీకినకాడ మల్ల తెల్లగనే మొలిచింది. మరుసటేడు రెక్కల మీదికి పాకింది.

ఇగ వాడకట్టంత ఒకటే ముచ్చట: బేగంను కోస్తదా, కోయదా? మొగడు ఫజలుద్దీన్ పైపుల కంపెనీల డ్యూటీ దిగొచ్చుడుతోనే, "ఏందే, కత్తి నూరాల్నా?" అని ఎక్కిరిస్తుండె. అప్పుడే ఒక కంపెనీ గెస్ట్‌హౌస్ తోటమాలి ఓదెలు కబురు పెట్టిండు, కొలనుల ఇడిచేతందుకు నల్లజతలు కావాలె, తల్లిని చూసి తీసుకుంట అని. తల్లిని చూపితే కల్తీ అంటడు. కోస్తే చూపేతందుకు తల్లి లేదు.

జైతూన్ బీ ఏం చేసిందనుకున్నరు? ఇనుప మూకుట్ల చాయ్ డికాక్షన్ పోసి, తన తలకు నానబెట్టుకున్న గోరింటాకు బేగంకు పట్టించింది. పాత లుంగీల చుట్టి పొద్దుగూకేదాక ఒళ్లె పెట్టుకొని కూసున్నది. ఆమె జుట్టు మీద నల్లగ కనబడేది ఈక మీద ఎర్రగ తేలింది.

"యా అల్లా, మా దాదా గడ్డం!" అన్నడు ఫజలుద్దీన్. వాళ్ల తాత గడ్డానికి గోరింటాకే పెడుతుండెనట.

తెల్లారి ఓదెలు వచ్చిండు. నల్లపిల్లలను ఇడిచిపెట్టి బేగం కాడనే నిలబడ్డడు.

"ఇదేం రకం అమ్మా? నలుపుల ఎరుపు! మా సాబ్ చూస్తే వదలడు. దీన్నే ఇయ్యి."

నేను గోడ మీదికెల్లి సైగ చేసిన, ఇచ్చెయ్యమని. బాతుకు కత్తి తప్పుతది, ఆమెకు మాట దక్కుతది.

జైతూన్ బీ నన్ను చూసింది, బేగంను చూసింది. "రకం లేదు, గికం లేదు. గోరింటాకు అది. ముసలిదై తెల్లబడ్డది, నా తల లెక్కనే. ఈ పిల్లలు గూడ ముసలైతే గిట్లనే అయితయి. కావాల్నంటే తీస్కపో, లేకుంటే చాయ్ తాగి పో."

ఓదెలు చాయ్ తాగి పోయిండు.

ఆ దినం నుంచి ఆ ఇంట్ల కత్తి ముచ్చట బంద్. తర్వాతి పొదుగుల ఒక పిల్లకు రొమ్ము మీద తెల్లమచ్చ వస్తే, ప్రాణంతోనే నా పాలుకిచ్చింది. అంతకుముందు కోసినవాటి మాట ఆమె ఎత్తలే, నేను అడగలే. కూర గోడకు రెండు దిక్కులా తిన్నదే కదా.

బేగం ఎర్ర ఈకలు రాల్చి, పాలోలె తెల్లగై ఇంకా కొన్నేండ్లు బతికింది. కొత్త ప్లాట్లల్ల ఇండ్లు కట్టుకున్నోళ్లు గోడకాడ నిలబడి, "ఆ తెల్లబాతు అమ్ముతరా?" అని అడుగుతుండిరి.

"అది నల్లబాతు" అనేది జైతూన్ బీ, తలుపేసుకుంట.