మామ బిగించిన కుడి రేకు

మా మేనమామ పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను యాప్రాల్‌లో బండి దగ్గర రవ్వ చేపకు పొలుసు తీస్తున్నాను. సగం గీకిన చేపను పక్కన పెట్టి కత్తి కడిగాను. మళ్ళీ కడిగాను. శామీర్‌పేట చేరేదాకా ఆటోలో ఒక్క నిమిషం కుదురుగా కూర్చోలేదు. ఆ పొద్దున చెరువు మీది నుంచి వచ్చి నన్ను ఒడ్డున దించినప్పుడు, "ఛాతీల పట్టేసినట్టుంది, జర పండుకుంట" అన్నాడాయన. ఆ మాట విని కూడా తట్ట ఎత్తుకుని అమ్మకానికి వెళ్ళిపోయాను. ఇది రాస్తూ కూడా ఇప్పటికి నాలుగుసార్లు లేచాను.

ఈ కుదురులేనితనం నాకు ఆయన దగ్గరే అంటుకుంది. అన్నం ముందు కూర్చున్నవాడు ముద్ద నోట్లో ఉండగానే లేచి ఇంజను చూసి వచ్చేవాడు. జేబులో ఎప్పుడూ ఒక పానా ఉండేది. నా పెళ్ళి ఫోటోలో కూడా ఆయన ప్యాంటు ఒకవైపు జారి ఉంటుంది. "బిగిచ్చినంక గూడ పానా జేబుల్నే ఉండాలె బిడ్డా. నీళ్ళు రేపు ఎట్లుంటయో నీకెర్కనా?" అనేవాడు.

ఆయన పడవ చిన్నది, ఎవరో వాడి వదిలేసిన పాత ఫైబర్ పడవ. దానికి చిన్న ఇంజను తగిలించాడు. ఇంజను వేగం పెంచితే చాలు, వెనక భాగం కుంగి ముక్కు పైకి లేచేది. ముందేముందో ఆయనకు కనబడేది కాదు. అందుకని నన్ను ముందు పలక మీద కూర్చోబెట్టేవాడు. వల లాగడం సరే, దారంతా నా అసలు ఉద్యోగం బరువుగా ఉండడమే. నీళ్ళు ఎగిరి మీద పడి, చలికాలంలో మోకాళ్ళు పట్టేసేవి. నేనెప్పుడూ నోరు తెరిచి చెప్పలేదు. వెనక కూర్చున్నాయన చూస్తూనే ఉన్నాడు.

పోయిన ఎండాకాలం ఒకరోజు రెండు రేకులు పట్టుకొచ్చాడు. "ఏంది మామా గివి?" అన్నాను.

"తోక రేకులు. పడవ ఎనక అడుగున అటొకటి ఇటొకటి పెడ్త. నీళ్ళు గీటిని తన్నితె తోక లేస్తది, ముక్కు దిగుతది."

"పాత పడవకు గివన్నీ ఎందుకే? మెల్లగ పోతే సాలదా?"

"నువ్వు ముందల బస్తా లెక్క ఎన్నొద్దులు కూసుంటవ్? ఇగ బంద్."

మొదటి జత పాత కూలర్ తలుపు రేకు. చెరువు సగం దాటకముందే అప్పడంలా ముడుచుకుపోయింది. నేను పగలబడి నవ్వాను, ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు గాజులరామారంలో ఒక వెల్డింగ్ షాపు దగ్గర నిలబడి మందపాటి స్టీలు రేకులు కోయించుకొచ్చాడు. తలుపు బందుల్లాంటి వాటితో బిగించి, రేకు ఎంత కిందికి వంగాలో సర్దుకోవడానికి ఒక్కోదానికి ఒక పొడుగాటి బోల్టు పెట్టాడు.

కొలతకు టేపు వాడలేదు. గాజు గ్లాసులో సగందాకా మజ్జిగ పోసి నడిమి పలక మీద పెట్టేవాడు. పడవ ఊపందుకున్నాక ఆ తెల్ల గీత ఎటు వాలిందో చూసి, ఒడ్డుకొచ్చి బోల్టు తిప్పి, మళ్ళీ వెళ్ళేవాడు. ఎన్నిసార్లో! గీత తిన్నగా నిలిచిన రోజున సగం తాగి, మిగతాది నాకు అందించాడు. "తాగు. ముందల ఎనక బరువు సమానం గావాలె" అని నవ్వాడు. ఆ రోజే నన్ను ముందు పలక మీది నుంచి లేపి నడుమన కూర్చోబెట్టాడు. ఆ సంతోషంలో మా ఇద్దరికీ తట్టనిది ఒకటుంది. ప్రతిసారీ ఆయన వెనక కుడిపక్కన తన చోటులో కూర్చునే చూశాడు. ఆయనది భారీ శరీరం.

దినాలు అయిన మర్నాడు అత్త అంది, "పడవ అమ్మేయమంటున్నరు. నువ్వు నడుపుతనంటె ఉంచుత. నడుపుతవా?" నడుపుతానన్నాను. ఒంటరిగా తీసుకెళ్ళి, ఆయనలాగే మజ్జిగ గ్లాసు నడిమి పలక మీద పెట్టి, ఆయన చోటులో కూర్చుని ఇంజను పెంచాను. పడవ ఎడమకు ఒరిగిపోయింది. ఆయన బరువును ఎత్తడానికి కిందికి దించిన కుడి రేకు, ఆయన లేకపోయినా ఎత్తుతూనే ఉంది. నడిమి పలక మీది గ్లాసు దొర్లి మజ్జిగంతా ఒలికిపోయింది. భయపడి వెనక్కి తిప్పాను.

ఆ బోల్టు మీద చెయ్యి వేయలేకపోయాను. అది ఆయన ఆఖరిసారి బిగించినది. వారం రోజులు ఒడ్డుకు వెళ్ళడం, చూడడం, రావడం. ఇసుక బస్తా ఒకటి ఆయన చోటులో పెట్టి కూడా చూశాను. ఆ బస్తాను చూసి ఏడుపొచ్చి దించేశాను.

అత్త ఓపిక పట్టలేకపోయింది. ఆయన పానా తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఏందే, గా రేకును మొక్కుతున్నవా? ఆయనుంటే గీపాటికి పదిసార్లు తిప్పుతుండె. తిప్పు."

తిప్పాను. కొంచెం తిప్పి వెళ్ళడం, గీత చూడడం, ఒడ్డుకు రావడం. తెల్లవారి మొదలుపెడితే ఎండెక్కింది. అయిదోసారో ఆరోసారో ఇంజను పూర్తిగా పెంచాను. గీత అటూ ఇటూ ఊగి తిన్నగా నిలిచింది. తలెత్తి చూశాను. ముందు పలక మీద ఎవరూ లేరు. పొడిగా ఉంది. అయినా ముక్కు లేవలేదు, ఆవలి ఒడ్డు దాకా స్పష్టంగా కనబడుతోంది.

పానా జేబులో వేసుకున్నాను. గ్లాసు తీసి సగం తాగాను. మిగతా సగం అందించడానికి చెయ్యి దానంతటదే ముందుకు సాగింది. చాలాసేపు అలాగే పట్టుకుని పడవ నడిపాను.