ఒక మగ్గానికి ఎంతమంది?

ఈ ఉదయం అగరుబత్తి బూడిద నా బల్ల మీది కవరుపై రాలింది. తుడుద్దామని బొటనవేలు ఆనించగానే చూపుడువేలు దానంతటదే వచ్చి కలిసింది. రెండు వేళ్లూ ఆ బూడిదను ఒకసారి మెలితిప్పాయి. ఆ మెత్తటి గరుకు తగిలేసరికి నేనిప్పుడుంటున్న ఈ హోట్గి రోడ్డు గది, కిటికీ కింద బస్సుల మోత వెనక్కి జరిగిపోయాయి. ఈ మరాఠీ ఊళ్లోనే తెలుగు నేతగాళ్లుండే భవాని పేట్‌లో మా ఇంటి ముందుగది కళ్ల ముందు నిలిచింది. అందులో కాళ్లు చాపుకుని మగ్గం ముందు కూర్చున్న బాలవ్వ. ఆమె వేళ్లకు ఎప్పుడూ బూడిద ఉండేది. అది లేకపోతే నూలు పోగు జారిపోతుంది.

బాలవ్వను ఎరగనివారికి ముందు ఆమె పని చెప్పాలి. ఒక పడుగు, అంటే మగ్గానికి నిలువునా ఎక్కించిన పోగుల, నేత పూర్తయ్యాక నేతగాడు పాత పోగులను మొత్తం తీసేయడు. వాటిని వరుసలో నిలిపే అచ్చులో జానెడు ముక్క అలాగే ఉంచుతాడు. కొత్త పడుగు వచ్చాక, ఆ పాత కొసలకు కొత్త కొసలను ఒక్కొక్కటిగా అతకాలి. వేల పోగులు. ముడి వెయ్యరు, బూడిద వేళ్లతో ఒక్క మెలి మాత్రమే. లాగితే ఊడకూడదు, అచ్చు పళ్లలో ఇరుక్కోకూడదు. బాలవ్వ ఈ పని చేస్తూ ఇల్లిల్లూ తిరిగేది. మా పక్కింటి మనిషి. చుట్టరికం లేకపోయినా నాకు పెద్దమ్మ. అక్షరం రాదు. నోటికి మాత్రం పేటంతా భయపడేది.

ఆ రోజుల్లో నేను కాలేజీలో అర్థశాస్త్రం చెబుతూ డాక్టరేటులో చేరాను. పరిశోధన మొదలుపెట్టే ముందు సమగ్ర పరీక్ష ఉంటుంది. మేం కాంప్రహెన్సివ్ అనేవాళ్లం. శాస్త్రమంతటి మీదా రాతపరీక్షలు, తర్వాత ముగ్గురు పరీక్షకుల ముందు మౌఖికం. అవకాశాలు రెండే. రెండోసారి కూడా తప్పితే పేరు కొట్టేస్తారు. రాతలో గట్టెక్కాను. మౌఖికంలో అధ్యక్షుడు అడిగిన మొదటి ప్రశ్నలు డైరీలో ఇప్పటికీ ఉన్నాయి. మాటలు మరాఠీలో జరిగాయి, నేను తెలుగులో రాసుకున్నాను.

"ఒక చేనేత మగ్గం ఎంతమందికి పని ఇస్తుంది? రెండు పడుగుల నడుమ నేత ఇంట్లో పని ఉంటుందా?"

"ఒక్కరికి కాదు సర్. నడుమ కూడా పని ఉంటుంది."

"ఏ పుస్తకంలో ఉంది?"

"మా ఇంట్లో చూశాను సర్."

ముగ్గురూ నవ్వారు. "ఇంటి కబుర్లు ఇంట్లో చెప్పుకో. పుస్తకం ఏమంటుంది?"

పుస్తకం ఏమంటుందో నాకు కంఠస్థం. ఒక మగ్గానికి ఒక్క మనిషి, పడుగుకూ పడుగుకూ నడుమ ఖాళీ. "అవును సర్, ఒక్కరే. మధ్యలో ఖాళీయే" అనేశాను. ఆ తర్వాత అడిగినవాటిలో ఒక్కదానికీ తిన్నగా చెప్పలేకపోయాను. తెలిసినవి కూడా ఒకదాని జవాబు ఇంకోదానికి చెప్పాను. తప్పాను.

మర్నాడు ఇంటికి చేరేసరికి మా నాన్న మగ్గం ముందు బాలవ్వే ఉంది, సగం పడుగు అతికి.

"ఏంది పిలగా, మొఖం గంజిల ముంచి తీసినట్టున్నది?"

"నాపాస్ అయిన పెద్దమ్మా."

"ఏమడిగిన్రు?"

చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. ఆమె చేతులు ఆగిపోయాయి. పని మీద ఉండగా బాలవ్వ చేతులు ఆగడం నేను చూసింది అదే మొదటిసారి.

"రికామా అన్నరా? మనల ఖాళీగున్నరన్నరా?"

"పుస్తకంలో అట్లనే ఉంది."

"పుస్తకం సంగతి కాదురా. నువ్వేమన్నవ్?"

"... అవునన్న."

"ఇదంతా ఏంది మరి?" అని అతికిన పోగులను అరచేత్తో ఒకసారి నిమిరింది. "పొద్దుగాల్నుంచి ఈడ కూసొని నేను రికామాగున్ననా? మీ అమ్మ నూలు కండెలు చుట్టుడు రికామేనా? ఎవలో నవ్విన్రని మమ్ముల నట్టేట్ల వదిలొచ్చినవ్. రా, కూసో. ఆ పక్క పట్టు."

బూడిద గిన్నె నా వైపు తోసింది. గంటసేపు అతికాను. నడుం పట్టేసింది, కళ్లు మసకేశాయి. తొందరలో ఎక్కడో ఒక పాత పోగును వదిలేసి పక్కదానికి మెలిపెట్టాను. నాకు తెలియలేదు. తర్వాతి ప్రతి పోగూ ఒక్కటి పక్కకు జరిగిపోయింది. బాలవ్వ వేలితో వరుస తడిమి, తప్పు మొదలైన చోటు పట్టేసింది. అక్కడి నుంచి అన్నీ ఊడదీసింది.

"చూసినవా? ఒక్కటే తప్పినవ్. మిగిలినయన్నీ మంచిగనే మెలేసినవ్, అయినా అన్నీ తప్పే. పోగు దొరకకుంటే ఆగాలె. దొరకలేదని చెప్పాలె. పక్కదాంతోని కప్పిపెట్టొద్దు."

నా మౌఖికం గురించి ఆమెకు నేను చెప్పింది నాలుగు ముక్కలే. అక్కడ నాకేమైందో ముగ్గురు పరీక్షకులకూ అర్థం కాలేదు, ఈమెకు అర్థమైంది.

రెండో అవకాశానికి ఆరు నెలల గడువుంది. ఆ ఆరు నెలలూ ఆదివారాలు, సెలవులు బాలవ్వ వెంట తిరిగాను. ఎవరింట్లో, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, పక్కన ఎవరు ఏం చేస్తున్నారు, అన్నీ డైరీలో రాశాను. పడుగు నూలును ఆసు మీద తిప్పే ముసలమ్మలు, అడ్డపోగుకు కండెలు చుట్టే ఆడపిల్లలు, పోగులకు గంజి పెట్టే మగవాళ్లు. పడుగుకూ పడుగుకూ నడుమ ఏ ఇల్లూ ఖాళీగా కనబడలేదు. బాలవ్వ ఆటపట్టించేది. "రాయి రాయి, నేను చాయ్ తాగింది గూడ రాయి. సాసర్ల పోసుకొని తాగిందని రాయి." రాశాను. ఇప్పటికీ ఉంది.

పనిలో ఉంటూనే నా చేత పాఠాలు చెప్పించుకునేది. ఆమెకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. కానీ నేను చెబుతున్నంతసేపు ఆమె వేళ్లు ఆడేవి, నేను తడబడితే ఆగేవి. "ఆగినవేంది?" "తెల్వదు పెద్దమ్మా." "గట్టిగ చెప్పు." "తెల్వదు!" "ఆఁ, గట్ల. సాహెబ్‌ల ముందర గూడ గట్లనే చెప్పు." చుట్టూ ఉన్న ఆడవాళ్లు పగలబడి నవ్వేవారు.

రెండో మౌఖికంలో అధ్యక్షుడు అతనే. నన్ను చూడగానే చిరునవ్వుతో అదే ప్రశ్న వేశాడు. నేను డైరీ తీసి బల్ల మీద పెట్టి, పోయినసారి ముందు చెప్పిన జవాబే మళ్లీ చెప్పాను: ఒక్కరికి కాదు, నడుమ కూడా పని ఉంటుంది.

"ఆధారం?"

"బాలవ్వ. పడుగులు అతికే పని. భవాని పేట్."

"ఇది పుస్తకం కాదు."

"ఇంకా కాలేదు సర్."

"మళ్లీ తప్పిస్తే?"

"పోయినసారి మీ జవాబు చెప్పి తప్పాను సర్. ఈసారి తప్పితే నా జవాబుతో తప్పుతాను."

బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు డైరీ లాక్కుని చదవసాగాడు. సాసర్ దగ్గర కాబోలు, నవ్వాడు. తర్వాత వేరే రెండు ప్రశ్నలకు "తెలియదు" అని గట్టిగా చెప్పాను. మిగిలినవన్నీ చెప్పగలిగాను. ఇద్దరు సరేనన్నారు. అధ్యక్షుడు మాత్రం సంతకం పక్కన "నిర్ణీత గ్రంథాల పట్ల గౌరవం లేదు" అని రాశాడు. నా జీవితంలో నాకొచ్చిన ప్రశంసాపత్రాల్లో అదొక్కటే దాచుకున్నాను.

ఇంటికి పరుగెత్తుకొచ్చి చెప్పాను. బాలవ్వ తల ఎత్తలేదు.

"పాసయినవా? మంచిది. పుస్తకం మారిందా?"

"మారలే."

"మరి ఇంకేం పాస్ రా?" అని మరో పోగు అందుకుంది.

ఆమె చెప్పింది నిజం. ఆ పుస్తకం ఏళ్ల తరబడి మారలేదు. నా సిద్ధాంత గ్రంథంలో ఆధారాల పట్టిక బాలవ్వ పేరుతో మొదలవుతుంది, పుస్తకాలు ఆమె తర్వాతే. అది ఆమె చేతికి ఇచ్చినప్పుడు బూడిద వేలితో తన పేరున్న చోటు చూపించమంది. ఆ మరక అక్కడే ఉంది. ఇప్పుడామె లేదు. చేతి మగ్గాలూ దాదాపు పోయాయి, మా పేటలో కరెంటు మగ్గాల మోత మిగిలింది. ఆ మోత వెనక కూడా కండెలు చుట్టేవాళ్లున్నారు, బయటికి కనబడరంతే. తర్వాత నేనూ పరీక్షకుడినయ్యాను. నా ముందు కూర్చున్న ఏ విద్యార్థినీ "ఏ పుస్తకంలో ఉంది?" అని ముందు అడగలేదు. "ఎవరు చెప్పారు?" అని అడిగాను. "తెలియదు" అన్నందుకు ఎవరినీ తప్పించలేదు.

బూడిద రాలిన ఆ కవరు ఒక విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. వచ్చే నెల సమగ్ర పరీక్షకు బయటి పరీక్షకుడిగా రమ్మన్నారు. ప్రశ్నలూ వాటికి నమూనా జవాబులూ జతచేశారు. ఏడో ప్రశ్న: ఒక మగ్గం ఎంతమందికి పని ఇస్తుంది? నమూనా జవాబు: ఒకరికి.

కవరు మీది బూడిద ఇంకా తుడవలేదు. కలం తీసి ఆ జవాబును కొట్టేశాను. కింద రాశాను: "వస్తాను. ఈ జవాబు చెప్పినవారికి మాత్రం మార్కులు వెయ్యను. ఆధారం: బాలవ్వ, భవాని పేట్."

తర్వాత డైరీ తెరిచి ఈ రోజు పేజీలో ఒక్క ముక్క రాసుకున్నాను: పుస్తకం ఇంకా మారలేదు పెద్దమ్మా, నేను ఇంకా పాస్ కాలేదు.