తెల్లవిగ్గు పెద్దాయనకి కాఫీ నైవేద్యం

మీలో ఎవరైనా ఒకరి వర్ధంతి నాడు ఇంకొకరి ఫొటోకి దండ వేశారా? నేను వేశాను. దండ వేసి, కొబ్బరికాయ కొట్టించి, నరసాపురం సంగీత సభ పెద్దలందరి చేతా దణ్ణం కూడా పెట్టించాను. అప్పుడు డిగ్రీ చదువుతున్నాను. తెలివి నిండుగా ఉందని నా నమ్మకం.

ఆ వర్ధంతి మూడువందల ఏళ్ళ కిందటి ఒక జర్మనీ సంగీతకర్తది. నాకు ఆయన్ని పరిచయం చేసింది సుందరరావు మాస్టారు. రిటైరైన లెక్కల మాస్టారు. చిన్నప్పుడు మిషన్ స్కూల్లో నేర్చుకున్న ఆ సంగీతాన్ని, కాలితో తొక్కే పాత హార్మోనియం మీద నాకు నేర్పారు. ఆ సంగీతకర్త పేరు మాత్రం ఎన్నడూ ఎత్తలేదు. ఇంట్లో పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవం కదా, అలాగే "పెద్దాయన" అనేవారు. పుస్తకాల అట్టలు చెదలు తినేశాయి. ఇన్నేళ్ళు నేర్చుకున్నాక "ఇంతకీ ఆయన పేరేంటండీ?" అని ఏ మొహం పెట్టుకుని అడగను? నాకూ ఆయన పెద్దాయనే అయిపోయారు.

"ఎడమచెయ్యి తొందరపడకూడదమ్మా," అనేవారు మాస్టారు. "గోదావరి మీద జనాన్ని దాటించే ఒక పంటు రేవు వదిలాక రెండోది అదే దారిలో వస్తుంది చూడు, అలా రావాలి."

పాఠం మధ్యలో పెద్దాయన జీవితం వచ్చేది. పదేళ్ళకే తల్లీ తండ్రీ పోయారట. అన్నగారు సంగీతం కాగితాలు బీరువాలో పెట్టి తాళం వేస్తే, సందులోంచి లాగి వెన్నెల్లో రాసుకున్నాడట.

"మా తమ్ముడి గోలకి ప్రాక్టీసు కుదరలేదండి," అన్నాను ఒకసారి.

"పెద్దాయనకి ఇరవైమంది పిల్లలమ్మా. ఆ గోలలోనే ఇదంతా రాశాడు. మీ తమ్ముడు ఒక్కడేగా?"

మళ్ళీ నేను మా తమ్ముడి పేరెత్తలేదు.

ఇలా సాగుతుండగా మాస్టారి కళ్ళకి శుక్లాలు వచ్చాయి. డాక్టరు ఆపరేషన్ అన్నారు. మాస్టారు ససేమిరా అన్నారు.

"పెద్దాయనకి కూడా కంటి ఆపరేషనే చేశారు. ఉన్న చూపు కాస్తా పోయింది. తర్వాత మనిషీ పోయాడు."

"అది మూడువందల ఏళ్ళ కిందటి మాటండి!"

"కళ్ళు అప్పుడూ ఇవేగా?"

రోజురోజుకీ చూపు తగ్గుతోంది. మెట్లు తడుముకుంటూ దిగుతుంటే నాకు ఏడుపొచ్చేది. చివరికి ఒక బేరం పెట్టాను. "మీరు ఆపరేషన్ చేయించుకోండి మాస్టారూ. మన సభలో పెద్దాయనకి ఆరాధన చేయిస్తాను. పెద్ద ఫొటో పెట్టిస్తాను. మీరు కళ్ళారా చూడాలి."

మాస్టారు నా వైపు తిరిగారు. "నిజంగా చేస్తారంటావా?" అన్నారు. ఊరంతా దొరల పాటలని నవ్వినా ఎన్నడూ పట్టించుకోని మనిషి, ఆ ఒక్క ఆశకి ఆపరేషన్ ఒప్పుకున్నారు. ఆపరేషన్ బాగా జరిగింది. ఇక నా వంతు.

ఫ్లెక్సీ షాపుకి వెళ్ళి ఫోన్లో ఫొటోలు వెతికాను. పేరు తెలియదు కాబట్టి తెలిసిన గుర్తులన్నీ కొట్టాను: జర్మనీలో పుట్టాడు, ఆర్గాన్ వాయించేవాడు, తెల్లవిగ్గు, చివర్లో చూపు పోయింది.

"ఇద్దరు వస్తున్నారండి," అన్నాడు షాపాయన. "ఒకాయన కొంచెం కోపంగా ఉన్నాడు. ఈయన నవ్వుమొహం."

"ఒకాయనవే రెండు ఫొటోలై ఉంటాయి. నవ్వుమొహమే వెయ్యండి. శుభమా అని ఆరాధన."

"చుట్టూ నెమళ్ళు వెయ్యమంటారా?"

"వెయ్యండి."

అలా "శ్రీ పెద్దాయన గారి ఆరాధనోత్సవం" అని నెమళ్ళ మధ్య ఒక తెల్లవిగ్గు వెలిసింది.

సభ కార్యదర్శి గారు ముందే అడిగారు. "నైవేద్యం ఏంటమ్మా?"

"కాఫీ అండి. ఆయనకి కాఫీ అంటే ప్రాణమట. కాఫీ మీద పాట కూడా కట్టారు."

"అయితే మనవాడేనమ్మా!" అంటూ ఫిల్టర్ కాఫీ తెప్పించారు.

మాస్టారు నల్లకళ్ళద్దాలతో ఆటో దిగి మొదటి వరసలో కూర్చునేసరికి, కార్యదర్శి గారు ఫొటో వైపు చెయ్యి చూపిస్తూ మైకులో ఊగిపోతున్నారు. "ఇరవైమంది సంతానంతో ఇల్లు కళకళలాడిన ఈ మహానుభావుడు..."

మాస్టారు కళ్ళద్దాలు తీసి ఫొటో వైపు చూశారు. చాలాసేపు చూశారు. నేను మురిసిపోతూ దగ్గరికి వెళ్ళాను.

"అమ్మాయ్, ఈయనకి పెళ్ళే కాలేదమ్మా," అన్నారు.

"ఎవరికండీ?"

"ఆ ఫొటోలో ఆయనకి. పెద్దాయన కాదు. లండన్ వెళ్ళి స్థిరపడ్డ ఇంకో ఆయన."

కాళ్ళ కింద గోదావరి కదిలినట్టయింది. మాస్టారు భయాన్ని దిగమింగి కళ్ళు బాగుచేయించుకుంటే, ఆ కళ్ళకి నేను చూపించింది వేరే మనిషిని! పరుగెత్తుకెళ్ళి కార్యదర్శి గారి చెవిలో చెప్పాను.

"ఇప్పుడు చెబితే ఎలాగమ్మా? కొబ్బరికాయ కొట్టేశాం కదా!" అన్నారాయన, మైకు కట్టెయ్యకుండా.

హాలంతా వింది. ఫ్లెక్సీ మీద కప్పడానికి నా చున్నీ చాలదు. నేను ఏడవడానికి సిద్ధమవుతుంటే, మాస్టారు నవ్వుతూ లేచి వచ్చి మైకు తీసుకున్నారు.

"వీళ్ళిద్దరూ ఒకే ఏడాది పుట్టారండి. ఊళ్ళు కూడా మరీ దూరం కాదు. ఈయన్ని చూడాలని పెద్దాయన వెతుక్కుంటూ వెళితే, అప్పుడే వెళ్ళిపోయాడన్నారు. తర్వాత కొడుకుని పంపి పిలిస్తే, ఈయన రావడం కుదరదన్నాడు. ఒక్కసారి కూడా కలుసుకోకుండానే పోయారు. చిత్రం ఏంటంటే, ఇద్దరి కళ్ళకీ కత్తి పెట్టింది ఒకే డాక్టరు. ఇద్దరికీ చూపు దక్కలేదు." మాస్టారు చేతిలోని నల్లకళ్ళద్దాలు పైకెత్తి చూపించారు. "నాకు దక్కింది. ఈ పిల్ల మొండిపట్టు పట్టకపోతే ఈ తప్పు నాకు కనపడేదే కాదండి. ఇన్నాళ్ళకి పెద్దాయన పండక్కి ఈయన వచ్చి కూర్చున్నాడు. మా అమ్మాయి పిలిస్తే వచ్చాడు. ముందు ఆయనకి కాఫీ ఇవ్వండి."

హాలంతా చప్పట్లు. నేను ఏడుస్తూనే పెద్దాయన పాట వాయించడానికి కీబోర్డు ముందు కూర్చున్నాను. ఎడమచెయ్యి తొందరపడలేదు. జనం తొడ మీద తాళం వేస్తూ విన్నారు. కార్యదర్శి గారు "ఇంకోసారి వాయించమ్మా" అన్నారు. నాకు సంగీతం ఇచ్చిన మనిషి నన్ను నలుగురిలో నిలబెట్టిన రోజు అది. ఆ రుణం ఏ శాలువాతోనూ తీరదు.

మరుసటి ఏడు బుద్ధిగా మాస్టారికే చూపించి, అసలు పెద్దాయన ఫొటో వేయించాను. మాస్టారు చూసి పెదవి విరిచారు.

"ఈయన ఒక్కడేనా? రెండో ఆయనేడీ? ఇన్నాళ్ళకి కలిపావు, మళ్ళీ విడదీశావా?"

కాబట్టి పాఠకులారా, వశిష్ఠ గోదావరి సాక్షిగా, చేతిలో వేడి కాఫీ పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. సరైన ఫొటో ఒక్కటే వేయించే తప్పు ఈ జన్మలో మళ్ళీ చెయ్యను.