ముప్పై చార్టుల్లో నా జ్వరం

నా తెలివితక్కువతనం సంగతి నేనే ముందు చెప్పేస్తాను. లేకపోతే చివరిదాకా చదివి మీరు చెబుతారు. నేను నర్సింగ్ ట్యూటర్‌ని. ఈ సంగతి జరిగేనాటికే పదకొండేళ్లుగా పిల్లలకు జ్వరం చూడటం నేర్పుతున్నవాణ్ని. అలాంటి నాకు జ్వరం వస్తోందని ముప్పైమంది పిల్లలు కాగితం మీద రాసి చేతికిస్తే, ఎర్ర సిరాతో కొట్టేసి దిద్దాను.

నర్సీపట్నంలో ఒక ప్రైవేటు నర్సింగ్ స్కూలు మాది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. ఫస్టియర్ పిల్లల్ని గవర్నమెంటు ఆసుపత్రి వార్డులోకి పంపే ముందు రెండు నెలలు డెమాన్‌స్ట్రేషన్ రూములో తయారు చేస్తాం. మంచం పరచడం, చేతులు కడుక్కోవడం, రోగిని పలకరించడం, అన్నిటికన్నా ముఖ్యంగా టి.పి.ఆర్. అంటే టెంపరేచరు, పల్సు, రెస్పిరేషన్ చూసి చార్టులో వెయ్యడం. మా దగ్గరున్నది ఒకటే బొమ్మ. దానికి నాడి లేదు, నాకేమో మొహమాటం లేదు. అందుకని ఏటేటా నేనే ఆ మంచం మీద పడుకునేవాణ్ని. పిల్లలు వంతులవారీగా వచ్చి నా మీద నేర్చుకునేవారు. నా అంకెలు నాకు కంఠతా వచ్చు: 98.6, 72, 18. ఎవరు ఏం వేసినా వాటితో పోల్చి మార్కులిచ్చేవాణ్ని. రోగినీ నేనే, ఎగ్జామినర్‌నీ నేనే, జవాబు పత్రాన్నీ నేనే.

ఆ ఏడు వర్షాకాలంలో ఒక మధ్యాహ్నం, మూడు దాటాక, సలోమి అనే పిల్ల నా చార్టు నింపింది. రావికమతం నుంచి వచ్చిన పిల్ల. తండ్రి తాపీమేస్త్రి. మాట తక్కువ, చెయ్యి నెమ్మది. టెంపరేచరు 100.4, పల్సు 108, రెస్పిరేషన్ 26 అని వేసింది.

"ఇదేటమ్మా, నన్ను ఐ.సి.యు.లో పడేసేలా ఉన్నావు" అన్నాను. అందరూ నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు.

"మళ్లీ చూస్తానండి" అని మళ్లీ చూసింది. అవే అంకెలు వచ్చాయి. కొట్టేశాను. మిగతావాళ్లవీ కాస్త అటూ ఇటూగా అలాగే ఉన్నాయి. ఈ బ్యాచ్‌కి లెక్కలు రావనుకుని అందరివీ దిద్దాను. తర్వాతి వారానికి అందరూ తెలివిమీరారు. ముప్పై చార్టుల్లో ఇరవై తొమ్మిదింట్లో 98.6 ఉంది. సలోమి మాత్రం 100.8 వేసింది. "వార్డులో ఇలా రాస్తే డాక్టరు గారు అనవసరంగా మందులు మారుస్తారమ్మా. రోగి ప్రాణం నీ పెన్నులో ఉంటుంది" అని చిన్న ప్రసంగం చేశాను. మూడో వారం ఆ పిల్ల కూడా 98.6 అనే వేసింది. నేర్చుకుంది అనుకున్నాను. ఆ సాయంత్రం ఇంటికి నడిచి వెళ్తుంటే పళ్లు టకటకమని కొట్టుకున్నాయి. వాన గాలి అనుకున్నాను.

దగ్గు అప్పటికే నెల దాటింది. చాక్‌పీసు పొడి వల్ల అనుకున్నాను. చొక్కాలు వదులయ్యాయి. చాకలి సాగదీశాడనుకున్నాను. అనుకోవడంలో నాకు ఫస్టుక్లాసు వచ్చేది.

నా భార్య వరలక్ష్మి ఒకరోజు చొక్కా ఆరేస్తూ అంది: "ఏటండీ, ఈ చొక్కాలో ఇద్దరు పడతారు ఇప్పుడు. ఆసుపత్రికి ఎల్దారా?"

"నేను పదకొండేళ్లుగా వెళ్లేది అక్కడికేగా."

"ఎల్డం ఏరు, సూపించుకోడం ఏరు."

పిల్లలు సోమవారం నుంచి వార్డుకు వెళ్లాలి. ఏర్పాట్లు మాట్లాడటానికి గురువారం నాడు వార్డు సిస్టరు గారి దగ్గరకు వెళ్లాను. ఎవరిని ఏ మంచానికి వెయ్యాలో చెబుతూ దగ్గాను. రుమాలు మడిచి జేబులో పెట్టుకుంటుంటే ఆవిడ చెయ్యి చాపింది.

"అదిలా ఇవ్వండి మాస్టారూ."

"ఏం లేదండీ, చాక్‌పీసు."

"చాక్‌పీసు ఎర్రగా ఉంటాదేటండి?" అంటూ మూత ఉన్న చిన్న డబ్బా ఒకటి చేతిలో పెట్టింది. "బయటికెళ్లి, చెట్టు కింద, లోపల్నుంచి దగ్గి తెండి. ఇప్పుడోటి, రేపు పొద్దున్నోటి, మళ్లీ ఇక్కడోటి."

మూడు శాంపిళ్లూ పాజిటివ్ వచ్చాయి. క్షయ. రిపోర్టులో 3+ అని ఉంది, అంటే క్రిములు కిక్కిరిసి ఉన్నాయని. ఎక్స్‌రేని లైటు పెట్టె మీద పెట్టి డాక్టరు గారు కుడివైపు పైభాగం చూపించారు. అక్కడ ఊపిరితిత్తిలో రూపాయి బిళ్లంత గుంట ఉంది.

"కేవిటీ. ఇది నిన్నా మొన్నా వచ్చింది కాదు. ఈ రెండు నెలలూ ఎక్కడున్నారు?"

"డెమాన్‌స్ట్రేషన్ రూములో సార్."

"ఎంతమందితో?"

"ముప్పైమందితో."

ఆయన పెన్ను కింద పెట్టారు. "కిటికీలు?"

"మూసేవాళ్లం సార్. బస్సుల హారన్ల గోలకి పల్సు లెక్క తప్పుతుందని."

ఎంత దగ్గరగా అని ఆయన అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. రెస్పిరేషన్ లెక్కపెట్టేటప్పుడు రోగికి తెలియకూడదు, దగ్గరగా కూర్చుని ఛాతీ వైపు చూడండి అని నేనే నేర్పాను. అందరికన్నా దగ్గరగా, అందరికన్నా ఎక్కువసేపు కూర్చున్నది ఎవరో నాకు తెలుసు. రెండుసార్లు చూసిన పిల్ల ఒక్కతే.

నా పేరు రాసిన మందుల పెట్టె తయారైంది. వారానికి మూడు రోజులు, ఆసుపత్రిలో, ఒక మనిషి కళ్లెదుట మింగాలి. పిల్లల్ని సూపర్‌వైజ్ చేసేవాణ్ని కాస్తా నీళ్ల గ్లాసు పట్టుకుని సూపర్‌విజన్‌లో నిలబడ్డాను. మూత్రం ఎర్రగా వస్తుందని ముందే చెప్పారు. అన్నాళ్లు ఎర్ర సిరా వాడినందుకు ఇదేనేమో అనుకున్నాను. ఆ జోకు ఎవరికీ చెప్పలేదు. నవ్వేవాళ్లు దగ్గర లేరు.

పిల్లల్ని వార్డుకు పంపడం ఆపేశారు. ముప్పైమందికీ పరీక్షలు చేశారు. ఒక్కొక్కరి ఫలితమూ తెలిసినప్పుడల్లా లోపల వేళ్లు మడుచుకునేవాణ్ని. ఇరవై తొమ్మిది మందికి ఏమీ లేదు. సలోమికి దగ్గు మొదలైంది. కళ్లెలో క్రిములు కనబడలేదు గానీ ఎక్స్‌రేలో నీడ ఉంది. "రెండు వారాలు యాంటీబయాటిక్ ఇచ్చి మళ్లీ తీద్దాం. న్యుమోనియా అయితే పోతుంది" అన్నారు డాక్టరు గారు. కాకపోతే ఏమిటో నాకు తెలుసు.

ఆ రెండు వారాలూ ఆగలేదు మా స్కూలు గుమాస్తా సూర్యారావు గారు. చెడ్డవాడు కాదు, భయస్థుడు. నా కుర్చీని వరండాలోకి గెంటించాడు. సలోమి పెట్టె సర్దించి, ఆ రోజే హాస్టలు ఖాళీ చేయించాడు. "కళ్లెలో ఏమీ లేదన్నారు కదండీ, ఆ పిల్ల వల్ల ఎవరికీ రాదు" అని నేను కబురు పంపాను. "తమరు మాటాడకండి మాస్టారూ, మాటతోనే వచ్చిందిదంతా" అని తిరుగు కబురు వచ్చింది.

రెండో ఎక్స్‌రేలో నీడ అలాగే ఉంది. సలోమికి కూడా మందుల పెట్టె తయారైంది. తోటివాళ్లు తెల్ల కోట్లు తొడుక్కుని వార్డుకు వెళ్లిన వారంలోనే, ఆ పిల్ల రావికమతంలో ఇంటి అరుగు మీద మాత్రలు మింగడం మొదలుపెట్టింది.

ఒక ఆదివారం, చర్చి అయ్యాక కాబోలు, ఇస్త్రీ చొక్కాతో ఆమె తండ్రి దానియేలు మా ఇంటికి వచ్చాడు. కొట్టడానికే వచ్చాడనుకున్నాను. కొట్టినా బాగుండుననుకున్నాను.

"ఎలగున్నారు మాస్టారూ?"

"ఫర్వాలేదు. సలోమి ఎలా ఉంది?"

"తింటన్నాదండి. ఒకమాట అడుగుదారని వచ్చేను. మా గుంట సలోమి రోజూ ఒకటే అంటన్నాది. ముందు నిజం రాసేను, తర్వాత అబద్ధం రాసేను, అందుకే దేవుడు నాకీ జబ్బు ఇచ్చేడు అంటాది. దాన్రాత తప్పా మాస్టారూ?"

"తప్పు కాదు. మొదట రాసింది రైటు. తర్వాతది నేను రాయించింది."

"నోటితో నేను సెప్తే నమ్మదండి. కాయితం మీద రాసియ్యండి."

రాసిచ్చాను. ఆయన చదవలేదు, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "బేగి ఎల్లాలండి, బస్సుకి" అని లేచాడు. మంచినీళ్లు కూడా తాగలేదు.

రెండో నెలలో నా కళ్లు పచ్చబడ్డాయి. అన్నం చూస్తే వాంతి వచ్చేది. "మందులు లివర్ మీద పడ్డాయి. అన్నీ ఆపెయ్యండి" అన్నారు డాక్టరు గారు. మందులు ఆపిన మూడో వారానికి సాయంత్రం చలి మళ్లీ మొదలైంది. మింగితే కామెర్లు, మానితే క్షయ. ఈసారి థర్మామీటరు నేనే పెట్టుకుని, వచ్చిన అంకె వచ్చినట్టు రాసుకున్నాను. అంతకన్నా భయపెట్టింది ఇంకొకటి: ఆ పిల్లా ఇవే మాత్రలు మింగుతోంది. వరలక్ష్మిని రావికమతం పంపాను. కళ్లు మాత్రం చూసి రా అన్నాను.

సాయంత్రానికి తిరిగొచ్చి చెప్పింది: "కళ్లు తెల్లగానే ఉన్నాయండి. గోడకి గీతల కాయితం ఒకటి అంటించుకుంది. పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం తన జొరం తనే సూసుకుని సుక్కలు పెడతన్నాది. గీత కిందికి దిగతన్నాదండి. మీకెంత ఉందని అడిగింది. 101 అని సెప్పేను."

"ఎందుకు చెప్పావు?"

"దానికి కూడా అబద్ధం సెప్పమంటారేటండి?"

డాక్టరు గారు ఒక్కొక్క మందునే, రక్తపరీక్ష చూసుకుంటూ, మళ్లీ మొదలుపెట్టారు. ఆరు నెలలనుకున్నది నాకు తొమ్మిదయింది. నాకన్నా ముందే సలోమి ముగించింది. ఒక ఏడాది పోగొట్టుకుని, కింది బ్యాచ్‌తో కలిసి వార్డులో అడుగుపెట్టింది. మొదటి రోజు బలిఘట్టం నుంచి వచ్చిన ఒక ముసలమ్మ మంచం దగ్గర నిలబడి, చెయ్యి పట్టుకుని, పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టింది. నేను వార్డు ఆ చివర నిలబడ్డాను. దగ్గరకు వెళ్లి చూసే హక్కు నాకుందనిపించలేదు. సలోమి ఇప్పుడు విశాఖపట్నంలో స్టాఫ్ నర్సు. నాకు ఉత్తరాలు రాయదు. రాయకపోవడం సబబే.

నేను ఇంకా పాఠాలు చెబుతున్నాను. కుడి ఊపిరితిత్తి పైభాగం మచ్చకట్టి ముడుచుకుపోయింది. మేడ మెట్లు ఎక్కితే మధ్యలో ఆగి, పాత విద్యార్థుల గురించి ఆలోచిస్తున్నట్టు నటిస్తాను. డెమాన్‌స్ట్రేషన్ రూము కిటికీలు తీసే ఉంచుతాం. హారన్లలోనే పల్సు లెక్కపెట్టడం నేర్చుకుంటారు. పిల్లలు ఒకరి టి.పి.ఆర్. ఒకరు చూసుకుంటారు. నా అంకెలు ఎక్కడా లేవు. మీకు నేను చెప్పేది ఒక్కటే: దగ్గు రెండు వారాలు దాటితే దానికి కారణం మీరు చెప్పకండి. కళ్లె పరీక్షను చెప్పనివ్వండి.

ఇదే మాట రెండేళ్ల కిందట సూర్యారావు గారికి చెప్పాల్సి వచ్చింది. మూడు వారాలుగా దగ్గుతున్నాడు. "వేడి చేసిందండి, పెరుగన్నం తింటే పోద్ది" అన్నాడు. చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లి, చెట్టు కింద ఎదురుగా నిలబడి, "ఇంకా లోపల్నుంచి సూర్యారావు గారూ" అని మూడు శాంపిళ్లూ ఇప్పించాను. ఆ రెండు రోజులూ ఆయన ముఖం చూస్తే జాలేసింది. కొంచెమే వేసింది.

రిపోర్టు మూడో రోజు పొద్దున్న పదకొండు గంటలకే నా చేతికి వచ్చింది. మూడూ నెగటివ్. ఆయనకు మధ్యాహ్నం భోజనాలయ్యాక చెప్పాను.