రంగు కలిపింది ఎవరు

కరోనా తగ్గిన మరుసటి ఏడు, వానాకాలం మొదట్లో, సూరత్‌లోని ఒక ప్రైవేటు ల్యాబులో నన్ను సీనియర్ అనలిస్టుగా జీవభద్రత విభాగానికి మార్చారు. ఒంటికి తగిలే వస్తువు శరీర కణాలకు హాని చేస్తుందేమో తేల్చడం మా పని.

దీపావళికి మూడు వారాల ముందు ఒక సిలికోన్ ముక్కు పరీక్షకు వచ్చింది. దాన్ని తయారుచేసిన టెక్నీషియన్ ఈ పనికి కొత్త కాబట్టి ఆసుపత్రివారు మా రిపోర్టు అడిగారు. పెట్టుకోవలసింది రాజేశం, సూరత్ పక్కన జోల్వాలో మరమగ్గాలు నడిపే తెలంగాణ మనిషి. క్యాన్సర్ ఆపరేషన్‌లో ముక్కు తీసేశారు. దుమ్ము నేరుగా లోపలికి పోతుందని, ముక్కు అమరాకే మగ్గాల షెడ్డులోకి రమ్మన్నాడు యజమాని సేఠ్. దీపావళి సెలవులయ్యాక కార్ఖానా తెరిచే రోజుకు రాకపోతే రాజేశం నడిపే మగ్గాలు ఇంకొకరికి ఇచ్చేస్తాడు.

రంగు కలపని సిలికోన్ పాసైంది. అంతటితో రిపోర్టు ఇచ్చేయమన్నారు మేనేజరు. నాకు ఒళ్లు మండింది. మనిషి ముఖానికి తగిలేది డబ్బాలోని సిలికోన్ కాదు, రంగు కలిపిన ముక్కు. దానితోపాటు అదే రంగు సిలికోన్‌తో పోత పోసిన ముక్కలు తెప్పించి, కణాలు బతికే పోషక ద్రవంలో ఒంటి వేడి దగ్గర ఒక రోజు నానబెట్టాను. ఆ ద్రవాన్ని కణాల మీద పోసి మరో రోజు ఆగాలి. నూటికి డెబ్బై బతక్కపోతే ఫెయిల్. సగం కూడా బతకలేదు. మళ్లీ చేసినా అంతే.

టెక్నీషియన్‌ను పిలిస్తే రాజేశాన్ని, ఆయన బామ్మర్ది శ్రీనివాస్‌ను వెంటబెట్టుకొచ్చాడు. శ్రీనివాస్ సచిన్ అనే పారిశ్రామికవాడలో ఒక బట్టల మిల్లులో రంగులు కలిపే మాస్టరు. సిలికోన్ తెల్లగా ఉందని మిల్లు రంగు తెచ్చి, బావ చెంప చూసి తానే అందులో కలిపాడట. ఛాయ అచ్చం కుదిరింది, టెక్నీషియన్ మురిసిపోయాడు.

“గా రంగు బట్టకు పట్టిందంటే ఎన్ని ఉతుకులకైనా పోదు సార్. గింత ముక్కులకెళ్లి ఏం కారుతది అనుకున్న” అన్నాడు శ్రీనివాస్. బట్టకు పట్టే రంగు సిలికోన్‌కు పట్టదని, బయటికి కారి కణాలను చంపుతోందని చెప్పాను.

“జర సంతకం పెట్టుండ్రి సార్. మగ్గాలు పోతయ్” అన్నాడు రాజేశం, ముఖానికి కట్టుకున్న రుమాలు తీయకుండానే. రుమాలు అంచున కనిపించిన చర్మం ఆపరేషన్ తర్వాత ఇంకా పచ్చిగానే ఉంది. జాలేసింది, కానీ పెట్టలేదు.

రెండో ముక్కుకు వైద్యానికి అనుమతించిన రంగులే వాడారు. ఛాయ కుదిర్చింది మళ్లీ శ్రీనివాసే. పాసైంది. అప్పటికి కార్ఖానా తెరిచి నాలుగు రోజులైంది, మగ్గాలు వేరేవాళ్ల చేతికి పోయాయి. బామ్మర్ది ఆయన్ను తన మిల్లులో బట్ట మడతపెట్టే పనికి పెట్టించాడు.

నా రిపోర్టు సరైనదే. అయినా ఆ ఆలస్యంలో నా వంతు ఉంది. నమూనా తీసుకునే ఫారంలో సిలికోన్ ఎక్కడ కొన్నారో అడిగాం, రంగు ఎవరు కలిపారో, ఎక్కడిదో అడగలేదు. అడిగి ఉంటే మొదటి రోజే తేలేది. ఆ వారమే ఫారంలో ఆ గడి చేర్చాను.