చెప్పమంటారా డాక్టరు

మా మరిది ఎవరికీ, ఏ సంగతీ, వాళ్లు అడక్కుండా చెప్పడు. ఇల్లు అంటుకున్నా సరే, "ఒక సంగతి ఉంది, చెప్పమంటారా?" అని అడిగి, మనం ఊఁ అన్నాకే నోరు విప్పుతాడు. ఈ జబ్బుతోనే అతను ఒక మిల్లు యజమానిని మట్టి కరిపించడం నేను కళ్లారా చూశాను.

మరిది జన్యువుల డాక్టరు. నా మోకాలికి మందు రాయించుకుందామని వెళ్లి, ఆసుపత్రిలో అతని గదిలో మూల కుర్చీలో కూర్చున్నాను. యజమానిగారు తలుపు తోసుకుని వచ్చారు. తన దగ్గర పనిచేసేవాళ్లందరికీ రక్తపరీక్షలు తనే చేయించాడట. ఎంత ధర్మాత్ముడో!

"ఎవరికి ఏ రోగం రాబోతోందో చెప్పండి డాక్టరుగారూ. రాకముందే పనిలోంచి తీసేస్తాను."

"వాళ్లని అడిగారా?"

"వాళ్లని అడిగేదేమిటి? పరీక్ష చేయించింది నేను!"

"రక్తం వాళ్లది కదండీ."

యజమాని బల్ల గుద్దాడు. "నేనెవరో తెలుసా?" అన్నాడు. మరిది కళ్లద్దాలు తుడుచుకుని, ఆయన చుట్టూ తిరిగి చూసి, మెత్తగా అన్నాడు: "మీ గురించి కూడా ఒక సంగతి కనిపిస్తోందండీ. చెప్పమంటారా?"

యజమాని మొహం సున్నం కొట్టినట్టయింది. "నా గురించా? నాకేమైంది?"

"మీరు అడిగితే చెబుతాను. వద్దంటే మీ ఆవిడ అడిగినా చెప్పను. మీ పనివాళ్లకీ అదే పద్ధతి."

"వద్దు! ఎవరికీ ఏమీ చెప్పకండి!" అంటూ ఆయన గుమ్మం దాటాడు. వెనక్కి తిరిగినప్పుడు నాకూ కనిపించింది. కొత్త చొక్కా కాలరుకి కొట్టువాళ్ల చీటీ ఊగుతోంది.

"నువ్వనే సంగతి ఆ చీటీయేనా?" అన్నాను.

"ఆయన్ని అడక్కుండా మీకు చెప్పకూడదు వదినా," అన్నాడు. ఇదండీ వరస.

బయటివాళ్లకి సరే, ఇంట్లో మాకేం పాపం? వాళ్లు పైవాటాలో ఉంటారు, మేం కింద. ఒకరోజు కిటికీలోంచి తొంగిచూసి, "వదినా, మీ పొయ్యి గురించి ఒక సంగతి ఉంది, చెప్పమంటారా?" అన్నాడు. నేను తీరిగ్గా "చెప్పు" అనేసరికి సగం పాలు నేలమీద ఉన్నాయి. ఇంకోరోజు కళ్లద్దాల కోసం నేను ఇల్లంతా తలకిందులు చేస్తుంటే, నా నెత్తి వంక చూస్తూ, నా అనుమతి కోసం చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మా తోటికోడలి కథ ఇంకా ఘోరం. "పెళ్లయిన కొత్తలో, 'నీ అందం గురించి ఒక మాట ఉంది, చెప్పమంటావా' అన్నారక్కా. నాకు సిగ్గేసి వద్దన్నాను. ఆ మాటేమిటో ఇప్పటికీ తెలీదు."

నేను అక్షరాలు కూడబలుక్కునేపాటి చదువున్నదాన్నే. అయినా నిలదీసి అడిగే హక్కు ఎవరికీ రాసివ్వలేదు. ఒకనాడు కూర్చోబెట్టి అడిగాను. మన ఒంట్లో అమ్మానాన్నల నుంచి వచ్చిన రాత ఒకటి ఉంటుందట. రక్తం బొట్టు తీసుకుని దాన్ని చదివేస్తున్నారట. ఎప్పుడో రావలసిన జబ్బుని ఇప్పుడే పసిగడుతున్నారట, ఎవరి ఒంటికి ఏ మందు పడుతుందో కూడా చూస్తున్నారట.

"తెలుసుకుంటే కొందరికి ప్రాణం నిలుస్తుంది వదినా. కొందరికి తెలిసినప్పటినుంచీ నిద్ర పట్టదు. ఎవరు ఏ రకమో వాళ్లే చెప్పాలి. పైగా ఒకరి రక్తం చదివితే ఇంటిల్లిపాది గుట్టూ బయటపడుతుంది."

"పాలు పొంగాయని చెప్పడానికి ఇంత పురాణం ఎందుకయ్యా?"

"అలవాటైపోయింది వదినా."

ఆ మధ్య మా తమ్ముడికి పేగులో ఏదో పుండని ఆపరేషను చేశారు. కోలుకున్నాడు. మా నాన్న కూడా కడుపునొప్పితోనే పోయాడు కానీ, ఆ రెండూ ముడిపెట్టే తెలివి నాకెక్కడిది? అప్పటినుంచీ మరిది పొద్దున్నే కిందికి దిగడం మొదలుపెట్టాడు.

"వదినా, ఒక సంగతి ఉంది. చెప్పమంటారా?"

"వద్దు నాయనా. పాలు దించేశాను. కళ్లద్దాలు ముక్కు మీదే ఉన్నాయి."

మెట్లెక్కి వెళ్లిపోయేవాడు. మర్నాడు మళ్లీ అదే. తనకి జ్వరం వచ్చిన రోజు దుప్పటి కప్పుకుని మరీ దిగాడు. "ఆకలి బాగానే ఉందా? ఒళ్లేమైనా తగ్గారా?" అని కూడా అడిగేవాడు. "తగ్గడమా! ఈ గుమ్మాన్ని వెడల్పు చేయించాలని చూస్తున్నాను," అనేదాన్ని.

ఒకరోజు కూరలు తరుగుతుంటే వచ్చి, మళ్లీ మొదలెట్టాడు. నా తల ప్రాణం తోకకొచ్చింది. కత్తిపీట పక్కకి నెట్టి, "ఆ సంగతేదో చెప్పి చావు!" అన్నాను.

"అలా కాదు వదినా. కోపంలో అన్నది ఒప్పుకున్నట్టు కాదు. కూర్చోండి. మంచినీళ్లు తాగండి. ఒకసారి విన్నాక విననట్టు ఉండలేరు. ఆలోచించుకుని అడగండి."

నా ఇంట్లో, నా మంచినీళ్లు, నాకే షరతులు! కూర్చున్నాను. తాగాను. జన్మలో ఎవరినీ ఏదీ దేబిరించనిదాన్ని, "అడుగుతున్నాను. చెప్పు," అన్నాను.

చెప్పాడు. తమ్ముడిది పుండు కాదు, క్యాన్సరు. వాడి రక్తం మరిదే చదివితే, మా నాన్న నుంచి వచ్చిన రాతలో తప్పు కనిపించిందట. అది నాకూ ఉండొచ్చు, లేకపోవచ్చు, బొమ్మా బొరుసూ లాగా. "ఉన్నా భయపడకండి. పేగులోకి గొట్టం వేసి మధ్యమధ్య చూసుకుంటూ ఉంటే, ముదరకముందే తీసేయొచ్చు. తెలియకుండా ఊరుకుంటేనే ప్రమాదం."

"ఇన్నాళ్లూ కడుపులో ఎలా దాచుకున్నావయ్యా?"

"మీ తమ్ముడు ఎవరికీ చెప్పొద్దన్నాడు. నేను కాళ్లావేళ్లా పడితే, 'మా అక్క అడిగితే చెప్పు, అడక్కపోతే వద్దు' అన్నాడు. మీరేమో అడగరు!" అని కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ పూట అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి, నేను చూశాను.

రక్తం ఇచ్చాను. నాకూ ఆ తప్పు ఉందని తేలింది. గొట్టం వేసి చూసి, లోపల గోరంత బుడిపె ఉంటే అక్కడికక్కడే కత్తిరించి పారేశారు. ఇంటికొచ్చీ రాగానే, "ఇప్పుడే మా అమ్మాయికి ఫోను చేస్తాను. రేపే వచ్చి రక్తం ఇచ్చి వెళ్లమంటాను," అన్నాను.

మరిది అడ్డం నిలబడ్డాడు. "వదినా, నా కోసం ఒక్క పని చేయండి. చెప్పకండి. ముందు అడగండి. వద్దంటే ఊరుకుని, రేపు మళ్లీ అడగండి."

నా నోటికి ఇంతవరకూ తలుపుల్లేవు. అయినా ఫోను చేశాను. "అమ్మడూ, ఒక సంగతి ఉంది. చెప్పమంటావా?"

అవతలినుంచి ఒకటే కేక. "అమ్మా! నువ్వు అడుగుతున్నావా? నీకు ఒంట్లో ఎలా ఉంది? బాబాయికి ఫోనియ్యి!"

"బాబాయి పక్కనే ఉన్నాడు. నువ్వు ముందు కూర్చో. మంచినీళ్లు తాగు. ఆ తరవాత అడుగు," అన్నాను.