శబ్దం యాడ ఆగిపోయిందో

మా కంప్యూటర్ సార్ పోయారన్న కబురు నాకు నా ల్యాప్‌టాప్ చెప్పింది. నాకు పుట్టినప్పటి నుంచీ చూపు లేదు. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే ప్రోగ్రాంతోనే నా చదువూ, ఉద్యోగమూ. ఆ రోజు చిత్తూరులో ఆఫీసులో కూర్చుని మెయిళ్ళు తెరుస్తుంటే, తిరుపతిలో నాతో చదువుకున్న అమ్మాయి పంపిన రెండు ముక్కల మెయిలు వచ్చింది. బ్యాటరీ అయిపోతోందని చెప్పే గొంతుతోనే అది చదివేసింది. ముందురోజు సాయంత్రం గుండె ఆగి పోయారట, పొద్దున్నే అన్నీ అయిపోయాయట. హెడ్‌ఫోన్ నా చెవులకే ఉంది కాబట్టి చుట్టూ ఎవరికీ వినపడలేదు. పక్క సీటాయన "టీ తాగుతారా మేడమ్?" అంటే తాగుతానన్నాను.

సార్ మా డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠం చెప్పేవారు. పెళ్ళి చేసుకోలేదు. భర్త పోయిన అక్కను తెచ్చుకుని ఒక అద్దె ఇంట్లో ఉండేవారు. ఆమెను మేమంతా పెద్దమ్మా అని పిలిచేవాళ్ళం. సార్ పాఠం అద్భుతంగా చెప్పేవారని నేను అనను. మధ్యాహ్నం క్లాసయితే సగం మంది కునుకు తీసేవాళ్ళే. నోట్లో వక్కాకు, ప్రతి మాటకూ ముందు "సూడుమ్మా". నాతో కూడా అదే. మిగతా మాస్టర్లు నా దగ్గర "చూడు" అనబోయి నాలుక కరుచుకునేవారు, ఆ తర్వాత నన్ను జాలిగా పలకరించేవారు. నాకు ఒళ్ళు మండేది. సార్‌కు ఆ గొడవే లేదు. ఒకసారి నేనే ఉండబట్టలేక "ఏం చూడమంటారు సార్?" అని వెక్కిరించాను.

"సూడుమ్మా, నా నోటికి అట్ల అలవాటైపోయినాది. నీ కోసరం ఇప్పుడు మార్చుకోలేను పో," అని పకపకా నవ్వారు.

మాట్లాడే ముందు వేలి కణుపుతో బల్ల మీద టక్కుమని కొట్టేవారు. అది ఆయన తీరు అనుకున్నాను. రెండో ఏడాదిలో ఎవరో చెప్తే తెలిసింది, నా బల్ల దగ్గర మాత్రమే అలా కొడతారని. ఎటు తిరిగి మాట్లాడాలో నాకు తెలియడానికి. ఆ సంగతి ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

బంగారుపాళ్యం దగ్గర మాకు మామిడి తోట ఉంది. ఒక ఏడు కాపు బాగుంటే నాయన నాకు ల్యాప్‌టాప్ కొనిచ్చారు. తెర చదివే ప్రోగ్రాం కొనడం మాత్రం మా వల్ల అయ్యే పని కాదు. సార్ అందులో విండోస్ తీసేసి లినక్స్ వేసి ఇచ్చారు. "ఇది ఊరికే వస్తాది, సదివి కూడా పెడతాది. కాకుంటే అప్పుడప్పుడు మొండికేస్తాది. రెండూ కలిపి తీసుకోవల్ల," అన్నారు. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ సాయంత్రం ఒక కథ మొత్తం చదివాను. బుద్ధెరిగాక ఇంకొకరి నోటి మీద ఆధారపడకుండా చదవడం అదే మొదలు. సంతోషంతో ఏడ్చాను. ఏడ్చానని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

మొండికేయడమంటే ఏమిటో కూడా తొందరలోనే తెలిసింది. ఒకరోజు ఏవో అప్‌డేట్లు వేసుకున్నాక హెడ్‌ఫోన్ మూగబోయింది. స్పీకర్లోంచి మాత్రం లక్షణంగా వినిపిస్తోంది. హాస్టల్ గదిలో నాతోపాటు ఇంకో ముగ్గురు. చెల్లెలి మెయిలు ఏదో అత్యవసరం కాబోలనుకుని అలాగే తెరిచాను. చెల్లెలు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసేది. ఆ మిషను గొంతు దాన్ని నానా కంగాళీ చేసి చదివితే అమ్మాయిలు పడీపడీ నవ్వారు. తర్వాత మాటలు అర్థమయ్యాయి. అక్కకు చూపు లేదని తెలిసి చెల్లెలి సంబంధం వాళ్ళు వెనక్కి పోయారని అందులో ఉంది. నవ్వులు ఆగిపోయాయి. ఒక అమ్మాయి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. విదిలించేశాను.

మర్నాడు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని సార్ ఇంటికి పోయి, "ఇది నాకొద్దు సార్, మీరే ఉంచుకోండి," అన్నాను. జరిగింది కక్కేశాను. ఆయన ఓదార్చలేదు. హెడ్‌ఫోన్ నా మెడలోంచి తీసి తన రేడియోకు తగిలించి, నా చెవికి పెట్టారు.

"వస్తా ఉండాదా?"

"వస్తోంది."

"అయితే దీని తప్పు లేదు. మీ నాయన తోటలో కొసన ఉండే చెట్టుకు నీళ్ళు రాకుంటే ఏం సేస్తాడు?"

"మోటారు దగ్గర మొదలుపెట్టి పైపు వెంబడే నడుచుకుంటూ వస్తారు."

"అంతే మల్ల. యాడిదాకా వస్తా ఉండాదో సూడు. యాడ ఆగిపోయిందో నీకే తెలస్తాది."

స్పీకర్లో వస్తోంది కాబట్టి మోటారు మంచిదే. పిన్ను తీసి తుడిచి, టిక్కుమనే దాకా నొక్కాం. రాలేదు. అప్పుడు ఆయన శబ్దాన్ని పంచిపెట్టే మిక్సర్ తెరిచారు. స్పీకరుకొక వాల్వు, హెడ్‌ఫోనుకొక వాల్వు ఉన్నట్టు అందులో దేనికది వేరు. అప్‌డేటు హెడ్‌ఫోను వాల్వును మూసేసింది. తెరిచారు. నా చెవిలో గొంతు పలికింది. ప్రాణం లేచొచ్చింది.

లేచొచ్చిన ప్రాణం కూర్చోక ముందే ఆయన దాన్ని మళ్ళీ మూసేశారు. పైగా స్పీకరునూ మూసేశారు. అంతా నిశ్శబ్దం.

"ఏం చేశారు సార్!"

"నేను బాగుసేస్తే నాకొచ్చినట్టు. రేపు నేను లేకుంటే? నువ్వు సెయ్యి."

"వినపడకపోతే నాకు తెర లేనట్టే కదా, ఎట్లా చేసేది?" అని అరిచాను. దుర్మార్గులన్నాను, ఇంకా ఏమేమో అన్నాను. పెద్దమ్మ లోపలి నుంచి వచ్చి, "ఏందిరా, ఆ బిడ్డను యాడిపిస్తా ఉండావు?" అని ఆయన్ను కసిరి నాకు మజ్జిగ ఇచ్చింది. సార్ కదల్లేదు. మజ్జిగ తాగినాక నా వేళ్ళు కీబోర్డు మీద పెట్టారు. ఆదేశాలు టైపు చేసే కిటికీని తెరిపించి, ఏమీ రాయకుండానే చెరిపే మీట నొక్కమన్నారు. కీచుమని ఒక చిన్న కూత. స్పీకరు కాదు, హెడ్‌ఫోనూ కాదు. ఆ ల్యాప్‌టాప్ లోపల విడిగా ఉన్న బజర్ అది, చెరపడానికి ఏమీ లేదని గొణుగుతుంది.

"అది కూసిందంటే నువ్వు సరైన తావులో ఉండావని. ఆడ్నించి కొట్టు."

హెడ్‌ఫోన్ వాల్వు తెరిచే ఆదేశం ఒక్కొక్క అక్షరం చెప్పారు. తప్పు కొట్టాను, మళ్ళీ కొట్టాను. ఆయన మూస్తూనే ఉన్నారు, ఆయన చెప్తుంటే నేను తెరుస్తూనే ఉన్నాను. చివరికి ఆయన లేచి వక్కాకు ఉమ్మడానికి బయటికి పోయారు. ఆయన లేనప్పుడే, ఎవరూ అక్షరాలు చెప్పకుండానే, వచ్చింది. "సార్, వచ్చింది!" అని వీధి దాకా వినపడేలా కేకేశాను. "రొంబ సంతోషం. ఇంక ఇంటికి పో," అన్నారు బయటి నుంచే.

ఆ తర్వాత ఎవరి దగ్గరా నా మెయిలు చదవమని అడగలేదు. చదువయింది. చిత్తూరులో ఉద్యోగం వచ్చింది, ఒంటరిగా గది తీసుకున్నాను. ఇక్కడ అందరూ మంచివాళ్ళే. రోడ్డు దాటిస్తారు, బస్సు ఎక్కిస్తారు, జాగ్రత్తమ్మా అంటారు. మాట్లాడేవాళ్ళు మాత్రం లేరు. శబ్దం పోయినప్పుడల్లా సార్‌కు ఫోన్ చేసేదాన్ని. బాగుచేసుకోవడం తెలిసి కూడా చేసేదాన్ని. ఆయనకూ తెలుసనుకుంటాను. ఎలా బాగుచేయాలో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. "యాడిదాకా వస్తా ఉండాది?" అని అడిగి, వాన పడిందా, భోజనం ఎక్కడ చేస్తున్నావు అనేవాటిలోకి పోయేవారు. ఆ వారంలో నేను మాట్లాడిన మాటలన్నీ ఒక్కోసారి అవే.

ఆయన పోయాక, పోయిన ఆదివారం మళ్ళీ శబ్దం పోయింది. హెడ్‌ఫోన్ పెట్టుకుని చాలాసేపు ఊరికే కూర్చున్నాను. చేయాల్సింది నా వేళ్ళకు తెలుసు. బాగుచేస్తే ఆయనతో నాకింక పని లేనట్టే అనిపించింది. ఎంతసేపని కూర్చుంటాను? ఆదేశాల కిటికీ తెరిచాను, చెరిపే మీట నొక్కాను, కూసింది, కొట్టాను. మొదటిసారికే వచ్చింది. సగంలో ఆగిన సెలవుల సర్క్యులరును అక్కడి నుంచే చదవడం మొదలుపెట్టింది.

నా చెయ్యి దానంతటదే ఫోను అందుకుని సార్ నంబరు నొక్కింది. అవతల మోగేదాకా నాకు తెలివి రాలేదు.

"ఎవురూ?" పెద్దమ్మ గొంతు.

"నేను పెద్దమ్మా, చిత్తూరు నుంచి. శబ్దం వచ్చింది."

"వచ్చిందా? మంచిదిమ్మా. వాడొస్తానే సెప్తాలే," అంది.

అన్నాక ఆగిపోయింది. వాళ్ళ ఇంటి వెనక పట్టాల మీద గూడ్సుబండి వస్తున్నట్టుంది, దాని చప్పుడు ఫోన్లోకి వచ్చింది. పెట్టె వెనక పెట్టె పోతూనే ఉంది. ఆమె ఫోన్ పెట్టేయలేదు, నేనూ పెట్టేయలేదు.